మా గుట్టలకు ఒక కాలిబాట

శ్రావణ భాద్రపద మాసములు వచ్చినంతనే, మా బొగ్గుగనుల కాలనీలలో పుట్టి పెరిగి నేడు హైదరాబాదులోను బెంగుళూరులోను ఉద్యోగములు చేసికొనుచున్న యువతీయువకులు కొందరు, సెలవులు కూడబెట్టుకొని, వీపున సంచులు తగిలించుకొని కాశ్మీరమునకు పోవుచున్నారు. సోనామార్గు వద్ద బయలుదేరి, విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్ అను సరస్సులను ఒకదాని వెంట ఒకటి దర్శించుచు, సుమారు 4,200 మీటర్ల ఎత్తుననున్న కనుమను దాటి, హరముఖ పర్వతపు టొడిలోనున్న గంగాబల్ సరస్సు చేరి, అటనుండి నారానాగ్ గ్రామమునకు దిగివచ్చు ఆ యాత్రకు దాదాపు వారము దినములు పట్టును. అన్నము వండుకొనుట, గుడారము వేసికొనుట, వానలో తడిసిన బట్టలను ఒంటి వేడిమితోనే ఆరబెట్టుకొనుట, తెల్లవారకమునుపే లేచి మరల నడచుట, ఇదియే వారి దినచర్య. వేలకువేలు వ్యయపరచి ఇంత కష్టమును కొని తెచ్చుకొనుట యెందులకని పెద్దలు విసుగుకొనుట కలదు గాని, నేను మాత్రము ఆ పిల్లలను మనసార మెచ్చుకొనువారిలో ఒకడను.

దసరాకు ఇండ్లకు వచ్చినప్పుడు వారిని కూర్చుండబెట్టి అడిగి చూచితిని. సరస్సుల నీలిమను గూర్చి రెండు మాటలలో ముగించి, తోడివారిని గూర్చి ఎంతసేపైనను చెప్పుదురు. మోకాలు నొచ్చిన స్నేహితురాలి సంచిలోని బియ్యమును, పప్పును మిగిలినవారందరు పంచుకొని మోసిన వైనము, కనుమ యెక్కునప్పుడు అందరికంటె బలిష్ఠుడైనవాడు ముందుండక చిట్టచివరివాని వెనుక నడచిన వైనము, మాటమాట అనుకొని అలిగిన ఇరువురు ఒకే గుడారములో పండుకొనవలసివచ్చి తెల్లవారుసరికి అలుక మరచిపోయిన వైనము వారి నోట వినుచుండగా, కళాశాలలు నేర్పలేని చదువు నొకదానిని ఈ నడక నేర్పుచున్నదని నాకు తోచెను. వారు నడచిన బాట ఏ యాత్రాసంస్థయు క్రొత్తగా వేసినది కాదు. గుజ్జరులు, బకర్వాలులు తరతరములుగా గొఱ్ఱెల మందలను తోలుకొనిపోవు బాట అది. గంగాబల్ తీరమునకు భాద్రపదమున కాశ్మీర పండితులు యాత్ర చేయు బాటయు అదియే. పశువుల వెంట, దేవుని కొఱకు నడచిన పాదములు మునుపే బాట వేసియుండుటచేతనే ఈనాడు మన పిల్లలు అచ్చట దారి తప్పక నడువగలుగుచున్నారు.

అట్టి బాటలు మాకును కలవు. అయినను మా గనుల ఊరైన కాసిపేటలో పుట్టిన బిడ్డ దేవాపూర్ దాటి తిర్యాణి గుట్టలను కాలినడకన చూడవలెనన్న, నడుమ రెండు రాత్రులు నిలువదగిన విడుదులు, దారి గుర్తులు, అధికారికమైన అనుమతి గల కాలిబాట ఒక్కటైనను ఇచ్చట లేదు. రెండువేల కిలోమీటర్లకు పైబడిన దవ్వున నడచుటకు వీలున్నది గాని, ఇంటి పెరటి నుండి కనబడు కొండపై వీలు లేదు. ఈ లోపమును సవరించుమని ప్రభుత్వమును, మా గనుల ప్రాంతపు పెద్దలను, అందరికంటె మిన్నగా మా యువతను కోరుటకే ఈ వ్యాసము.

మా సీమ స్వరూపము తెలియనివారికి కొంచెము చెప్పవలయును. సహ్యాద్రి తూర్పు కొసలు నిర్మల్ నుండి ఆసిఫాబాదు వరకు విడివిడి గుట్టలుగా, పీఠభూములుగా, లోయలుగా పరచుకొని, వానకాలమున వేయి వాగులను గోదావరికి, ప్రాణహితకు పంపుచుండును. కడెం నది కుంతల వద్ద బండలపై నుండి దూకును. లింగాపూర్ అడవిలో మిట్టె జలపాతము ఏడు గుండములుగా విడివడి సప్తగుండాలయని పేరొందెను. తిర్యాణి వైపున గుండాల జలధార, చెలిమెల వాగుపై కట్టిన జలాశయము. మందమఱ్ఱి సమీపమున బొక్కలగుట్ట చెంత గాంధారి ఖిల్లాపై బండలో తొలిచిన పాత నీటి తావులు, వాటి చేరువన నాయకపోడులు మాఘమాసమున జాతర చేయు మైసమ్మ. హిమాలయ సరస్సుల వలె మంచు కరగి నిండినవి కావు ఇవి. వాన నిలిచి, బండ మోసి, మనిషి గట్టు కట్టి కాపాడుకొన్న నీళ్ళు. వానలు వెనుకకు తగ్గిన కార్తీకము మొదలు మాఘము వరకు, టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు పొదల నడుమ ఒక నీటి తావు నుండి మరియొక నీటి తావునకు నడచిపోవుటకు ఇంతకంటె అనువైన సీమ తెలంగాణమున మరియొకటి కలదని నేననుకొనను.

ఇక స్నేహితులతో కూడి దీర్ఘదూరము నడచుట యన్నది నగరవాసులు క్రొత్తగా కనిపెట్టిన వినోదమని భావించువారు ఒక్కమారు పుష్యమాసమున గోండులలోని మెస్రం వంశీయుల వెంట నడచి చూడవలెను. ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూర్‌లో వెలసిన నాగోబా దేవునకు పుష్య అమావాస్య నాటి రాత్రి జరుగు మహాపూజకు కావలసిన గోదావరి జలమును, జన్నారం మండలమున కలమడుగు సమీపముననున్న హస్తినమడుగు నుండి వారు కాలినడకన పోయి తెత్తురు. తెల్లని దుస్తులతో, పాదరక్షలు లేకుండ, కటోడా పూజారి ముందు నడువగా, ముసలివారు, పడుచువారు ఒకే వరుసలో గుట్టలు దిగుదురు, వాగులు దాటుదురు. ఏ గూడెమున నిలువవలెనో, ఏ చెట్టు క్రింద వండుకొనవలెనో వారికి వంశపారంపర్యముగ తెలియును. నీటితో మరలివచ్చిన పిదపనైనను నేరుగా ఇండ్లకు పోరు. కేస్లాపూర్ చెంత మఱ్ఱిచెట్ల నీడన విడిది చేసి, పూజకు వేళ యగువరకు అందరు కూడియే యుందురు. సిరికొండ కుమ్మరులు చేసి యిచ్చిన కుండలు వచ్చును. స్త్రీలు వాటితో నీరు తెత్తురు. ఆ నీటితో మట్టి తడిపి పుట్టలు కట్టుదురు. ఇంత దూరము నడచి తెచ్చిన గోదావరి జలముచే దేవుడు తడియు ముహూర్తమున, నడచినవారును నడువలేక ఇంటనుండినవారును ఒకటియే యగుదురు.

ఆ యాత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించినది వేగముపై వారికి గల ఉపేక్ష. నేడు రోడ్లున్నవి, జీపులున్నవి. హస్తినమడుగు నీరు ఒక్క పూటలో కేస్లాపూర్ చేర్చుట కష్టము కాదు. ఆ సంగతి వారికి తెలియక కాదు. కాలినడక లేనిచో అది గంగాజలము గాక ఒట్టి నీరగునని వారి నమ్మకము. సమూహముగ నడుచునప్పుడు ముసలివాని అడుగే అందరికి కొలత. అతడు కూర్చున్నచో వంశమంతయు కూర్చుండును. కాశ్మీరము నుండి వచ్చిన మా పిల్లలు వేలు పోసి నేర్చుకొన్నదియు ఇదియే గదా.

గనులలో పనిచేయువారికి ఈ సంగతి వేరుగ చెప్పవలసిన పని లేదు. కాసిపేట ఇంక్లైనులలోనైనను, శాంతిఖనిలోనైనను, మనుషులను మోయు యంత్రములు రాకమునుపు మా పెద్దలు ప్రతి షిఫ్టున దిగుడు నడచి, పనిస్థలము చేరుటకే చాలసేపు చీకటిలో నడచెడివారు. తలపై దీపము, చేతిలో కఱ్ఱ, ముందు సర్దారు. బాయిలో, అనగా గనిలో, సర్దారు పైకప్పును కఱ్ఱతో తట్టి, ఆ చప్పుడు విని, గట్టిదో డొల్లయో నిర్ణయించు వరకు ఎవ్వడును ముందడుగు వేయడు. షిఫ్టు ముగిసిన పిదప లెక్కకు ఒక్కడు తక్కువైనను మిగిలినవారికి ఇంటికి పోవు మనసు రాదు. ఇట్టి క్రమశిక్షణ గల వంశములలో పుట్టిన పిల్లలకు కొండనడక పరాయివిద్య కానేరదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును అధిరోహించిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌లు ఎచ్చటి వారు? గురుకుల పాఠశాలలలో చదివిన మన తెలంగాణ పల్లెబిడ్డలు. హిమాలయమునకు పోకమునుపు వారి చేతివ్రేళ్ళు పట్టు నేర్చుకొన్నది భువనగిరి బండపై. దగ్గరి బండ నుండియే దూరపు శిఖరమునకు దారి పోయినది.

మా మిత్రబృందము కొందరము, గోండు గూడెపు పెద్దమనిషి నొకరిని తోడు తీసికొని, ఒక మాఘమాసమున తిర్యాణి వైపు గుట్టలలో నడచితిమి. ఆనాటి సంగతులన్నియు ఏకరువు పెట్టను గాని ఒక్కటి మాత్రము చెప్పితీరవలెను. మధ్యాహ్నమునకు మా సీసాలలో నీరు అడుగంటెను. ఎదుట వాగున్నది గాని ఇసుకయే తప్ప నీటి జాడ లేదు. మాలో ఒకడు రోడ్డు చేరుదమని తొందరపడుచుండగా, ఆ పెద్దమనిషి మాట్లాడక వాగులోనికి దిగి, అటునిటు కలియజూచి, గట్టు నీడ పడుచోట మోకాళ్ళపై కూర్చుండి రెండు చేతులతో ఇసుక తోడసాగెను. మూరెడు లోతున ఇసుక రంగు మారెను. ఇంకొంచెము తోడగనే అంచులు జారి పడుచు, అడుగున బురద నీరు ఊరెను. మోదుగాకును దొన్నెగా మడచి, చిన్న పుల్లతో గ్రుచ్చి, ఆ నీటిని ముంచి బయట పారబోసెను. మరల ఊరెను, మరల పారబోసెను. దాహముతో నాలుక పిడచకట్టుకొనిపోవుచున్న మాలో ఒకడు చేయి చాపగా, "ఆగుండ్రి దాదా, మొదటి నీళ్ళు తాగొద్దు. ఇసుక కుదురుకోవాలె" అనెను. నాల్గవ మారో ఐదవ మారో, ఆ గుంటలో అడుగు ఇసుక రేణువులు లెక్కింపదగినంత తేటగా నీరు నిలిచెను. అందరము దొన్నెలతో త్రాగితిమి. చివరకు ఆయన తాను త్రాగి, చెలమ చుట్టును నాలుగు రాళ్ళు పేర్చి, "ఎనుక ఎవరన్న వస్తే దొరుకుతది" అని లేచెను. పశువైనను సరే, మనిషియైనను సరే, వెనుక వచ్చు ప్రాణి యొకటి యుండునన్న తలంపు ఆయనకు ఊపిరివలె సహజమైనది.

ఇట్టి విద్య పుస్తకములలో లేదు, గూడెములలో ఉన్నది. అది నిలువవలెనన్న దానితో పని పడవలెను. దీపావళి దినములలో దండారీ బృందములు, గుస్సాడీలు గూడెము నుండి గూడెమునకు అతిథులుగా నడచిపోవు అడవిదారులు అనేకము. బస్సు వచ్చినచోట కాలిబాట మాయమగుట న్యాయమే; రోగిని ఆసుపత్రికి చేర్చు రోడ్డు కంటె బాట గొప్పదని నేనన్నచో అది పాపము. ఇంకను రోడ్డు లేని గూడెములకు రోడ్డు ముందు వేయవలయును, నా కాలిబాట ముచ్చట ఆ తరువాత. కాని రోడ్డు పోలేని కొండవీపులపై, ఎవ్వరికిని అడ్డు కాని దారులు సైతము పొదలు కమ్మి, ఎరిగిన ముసలివారితోనే అంతరించుచున్నవి గదా, ఆ నష్టమునకు కారణము మన అశ్రద్ధయే.

దారిని అక్షరములలో దాచుకొను సంప్రదాయము తెలుగువారికి లేకపోలేదు. 1830లో మద్రాసు నుండి పరివారముతో కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా, గోదావరి దాటి, మా నిర్మల్ ప్రాంతము గుండ నాగపురమునకు పోయెను. ఎచ్చట దిగిరి, ఎచ్చట నీరున్నది, ఏ ఊర అంగడి కలదు, ఏ దారి రాళ్ళమయము అని ఆయన తన యాత్రాచరిత్రలో ఓపికతో వ్రాసిపెట్టెను. నూటపదేండ్ల పిదప, కుమురం భీము 1940లో జోడేఘాట్ కొండలపై జలము, అడవి, భూమి కొఱకు ప్రాణములర్పించిన తరువాత, హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు భార్యతో కూడ మార్లవాయి గూడెమున కాపురముండి, ఈ గుట్టలలో తిరిగి తిరిగి గోండుల జీవితమును గ్రంథస్థము చేసెను. ఇరువురును మనకు మిగిల్చినది నడచినవారి జ్ఞానము. నేటి పర్యాటక ప్రకటనలలో జలపాతపు చిత్రముండును, కారు నిలుపు స్థలముండును. నీరెచ్చట త్రాగవలెనో ఉండదు.

ఇంగ్లండు దేశమున సరస్సుల సీమ యని ప్రసిద్ధమైన కొండప్రాంతము కలదు. అచ్చటను, దాని దక్షిణముననున్న గుట్టలలోను నేడు లక్షలాది జనులు సంచులు మోయుచు నడచుచున్నారు గాని, ఆ స్వేచ్ఛ ప్రభువులు దయతో ఇచ్చినది కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు కార్మిక యువకులు వందలుగ కూడి, వేటకొఱకు భూస్వాములు మూసియుంచిన కిండర్ స్కౌట్ అను గుట్టపైకి నిషేధమును ధిక్కరించి నడచిరి. ఐదుగురు చెరసాల పాలైరి. 1949లో వచ్చిన చట్టము ప్రజలు నడచు కాలిబాటలను పటములపై గుర్తించి నమోదు చేయుమని స్థానిక సంస్థలను ఆజ్ఞాపించెను. 1951లో సరస్సుల సీమ జాతీయవనమయ్యెను. 1965లో ఆ కిండర్ గుట్ట చెంత నుండియే స్కాట్లండు సరిహద్దు వరకు పోవు పెన్నైన్ బాట తెరువబడెను. వారమంతయు మిల్లుపొగ పీల్చినవాడు ఆదివారము కొండగాలి పీల్చుట తన హక్కని తలచెను. మా బొగ్గుపొడి పీల్చిన ఊపిరితిత్తులు అంతకంటె తక్కువవా?

అయితే ఆ కథను ఉన్నదున్నట్లు ఇచ్చటికి తెచ్చుట నాకు సమ్మతము కాదు. అచ్చటి గుట్టలు భూస్వాముల వేటతోటలు. ఇచ్చటి గుట్టలు గోండుల, కోలాముల, నాయకపోడుల ఇండ్లు. 2025 మే నెలాఖరున కుమురం భీము పేరిట పులుల సంరక్షణ ప్రాంతమును ప్రకటించుచు వెలువడిన 49వ సంఖ్య ఉత్తర్వు, ఆదివాసుల నిరసన పెల్లుబుకగా జూలైలో నిలిచిపోయిన సంగతి పాఠకులకు విదితమే. అడవిపేరు చెప్పి వచ్చు ప్రతి క్రొత్త పథకమును తమను వెడలగొట్టు పథకముగ వారు శంకించుట అనుభవముచే కలిగిన భయము. దానిని అమాయకత్వమని కొట్టివేయువారు గూడెముల చరిత్ర తెలియనివారు. కనుక గ్రామసభ తీర్మానము లేని కాలిబాట వలదు. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము, 2006 నాటి అటవీహక్కుల చట్టము వారికిచ్చిన మాట ఇదియే.

పులుల మాట వేరుగ చెప్పవలెను. 1965లో అభయారణ్యమై 2012లో పులుల రక్షిత ప్రాంతమైన కవ్వాల్ నడిబొడ్డున సంచులవారికి పనిలేదు. అది పులికే విడువవలెను. మహారాష్ట్ర లోని తాడోబా నుండి పులులు ఆసిఫాబాదు, తిర్యాణి అడవుల మీదుగ రాకపోకలు సాగించును. 2020 నవంబరులో దహెగాం మండలమున పులిదాడికి ఒక యువకుడు బలియైన దుఃఖము ఇంకను ఆరలేదు. పులి తిరుగుచున్న వార్త వచ్చినప్పుడు బాట మూయుటకు అటవీశాఖకు పూర్ణాధికారముండవలెను, మూసినప్పుడు నడచువారు నోరెత్తరాదు. కుంతల గుండములో ఎందరో యువకులు ఈతకు దిగి మరల పైకి రాలేదు. వారి తల్లులను తలచుకొన్నప్పుడు, జలపాతముల యొద్ద స్నానము నిషేధింపని బాట తెరచుట కంటె తెరువకుండుటయే మేలనిపించును. మద్యము, ధ్వనియంత్రములు, ప్లాస్టిక్ సంచులు గుట్ట మొదటనే ఆగవలెను. పదిమందికి మించని బృందము, ప్రతి బృందమునకు గూడెపు యువకుడో యువతియో మార్గదర్శి, వారికి బాయిలో షిఫ్టు పనివానికి దక్కునంతటి గౌరవప్రదమైన కూలి, విడిదికి చెల్లించు సొమ్ము గూడెమునకే, అన్నము గూడెపు స్త్రీలు వండిన జొన్నరొట్టె, గట్క. ఈ నియమములు ఒప్పుకొనలేనివారు కారెక్కి కుంతల చూచి మరలిపోవచ్చును. వారికి ఆ దారి ఎన్నడును మూయబడలేదు.

దీనికై పెద్ద ధనరాశి అక్కరలేదు. కాంక్రీటు మెట్లు వలదు, తీగమార్గములు వలదు, అద్దాల వంతెనలు అసలే వలదు. దేవాపూర్ చెంత మొదలై తిర్యాణి గుట్టల మీదుగ, అనుమతి లభించినచో ఆసిఫాబాదు వైపునకు దిగు ఒక్క బాటను ముందుగా ఎంచుకొనవలెను. ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ, అటవీశాఖ ఒకచోట కూర్చుండవలెను. సింగరేణి సంస్థలో ప్రాణరక్షణ విద్యయందు ఆరితేరిన రెస్క్యూ సిబ్బంది కలరు. గూడెపు మార్గదర్శులకు ప్రథమచికిత్స, త్రాటి పని, గాయపడినవానిని మోయు విధము నేర్పుటకు వారికంటె తగిన గురువులు లేరు. బొగ్గు తీసిన సంస్థ ఆ గుట్టల బిడ్డలకు ఆ మాత్రము చేయుట భారము కాదు. బడి పిల్లలను మాత్రము రుసుము లేకయే పంపవలెను, కాసిపేట బడిపిల్లలను అందరికంటె ముందు.

వానలు తగ్గి కార్తీకము రాగానే మొదటి సమావేశము జిల్లా కేంద్రపు చల్లని గదిలో గాక తిర్యాణి గూడెములలోనే జరుగవలెను. విడిది యెచ్చట, ఏ మాసము వరకు ఏ వాగులో చెలమ తీయవచ్చును, ఏ చోట బాట పోనేకూడదు, అనగా దేవర కొలువున్న చెట్లు, పెద్దల సమాధులు, పులి నీరు త్రాగు మడుగులు ఎచ్చటెచ్చట నున్నవి, ఇవన్నియు అచ్చటి పటేలులు, కటోడాలు, తునికాకు కోయు స్త్రీలు చెప్పగా విని, వారు వలదన్నచోట మారుమాటాడక తప్పుకొని, ఆ తరువాతనే అధికారి పటముపై గీత గీయవలెను.